అణువుకి మగ్గం లేదు

“ఎనిమిది గీశానండీ. పెంటేనుకి ఎన్ని ఐసోమర్లుంటే అన్నీ గీయమంటే, ఎనిమిది. నా పక్కనమ్మాయి రెండు గీసి కలం మూసేసింది. పాపం, దీనికి ఊహ తక్కువ అనుకున్నాను కూడాను.”

తహసీన్ నవ్వుతూ చెబుతోందే గాని చేతులు ఆపడం లేదు. ఎదురుగా పీట మీద కూర్చున్న సాయిరామ్ రెండు చేతులూ ముందుకి చాపి ఎర్ర ఉన్ని చిలపని పట్టుకుని ఉన్నాడు. ఆమె దాని కొస లాగుతూ ఉండ చుడుతోంది. వచ్చిన మనిషి చేతులు ఊరికే ఉండనిచ్చే ఇల్లు కాదది. ఏలూరు తంగెళ్ళమూడిలో మూడు తరాలుగా తివాచీలు నేస్తున్న ఇల్లు. గదిలో సగం మగ్గమే ఉంది. దాని ముందు బల్ల మీద కూర్చుని తహసీన్ నానమ్మ రజియా ముడి మీద ముడి వేసుకుపోతోంది.

సాయిరామ్‌ది వట్లూరులో కాలేజీల రోడ్డు మీద జిరాక్సు షాపు. పదో తరగతితో బడి ఆగిపోయింది గాని చదవడం ఆగలేదు. మిషను మీదికి వచ్చిన కాగితమల్లా చదివేస్తాడు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే తహసీన్ మేడమ్ ప్రశ్నపత్రాలు తెస్తే, కాపీలు తీస్తూ తెలియని మాటలకి అర్థం అడగడం, ఆమె నిలబడే ఓపిగ్గా చెప్పడం ఏడాదిగా అలవాటైపోయింది. ఈ ఆదివారం మాత్రం ఇల్లు వెతుక్కుంటూ రావడానికి వేరే కారణం ఉంది. కూతురు లక్ష్మీప్రసన్న ఇంటర్ మొదటి సంవత్సరం కెమిస్ట్రీ తప్పింది. తప్పిన దగ్గర్నుంచి పుస్తకాలు గోనెసంచిలో కట్టి అటకెక్కించేసి, సప్లిమెంటరీకి ఫీజు కట్టొద్దంటోంది. బుధవారంతో గడువు అయిపోతుంది. “నాకది రాదు నాన్నా, వదిలెయ్,” అన్న మాట తప్ప ఆ పిల్ల నోట ఇంకో మాట లేదు.

వచ్చి ఈ సంగతంతా చెప్పుకున్నాడు. ట్యూషన్ చెబుతానని గాని చెప్పనని గాని తహసీన్ అనలేదు. “నేనూ తప్పానండీ, అదే కెమిస్ట్రీ,” అంటూ మొదలుపెట్టి, చిలప తెచ్చి ఆయన చేతులకి తగిలించింది.

“ఎనిమిదంటే ఎక్కువేనామ్మా?” అడిగాడు సాయిరామ్.

“ఉన్నవి మూడేనండి.”

“ముందు ఆ ఐసోమర్లంటే ఏంటో చెప్పండి. ఆ మాట వేల కాపీలు తీసుంటాను గాని, లోపలేముందో నాకు తెలీదు.”

“మీ ఇంట్లో గ్యాసు బండ ఉంటుంది కదండీ. అందులో బ్యూటేన్ ఉంటుంది. నాలుగు కార్బన్లు, పది హైడ్రోజన్లు. కార్బన్‌కి నాలుగు చేతులు, హైడ్రోజన్‌కి ఒక్కటే. కార్బన్లు నలుగురూ బడిపిల్లల్లా వరసగా చేతులు పట్టుకుని నిలబడితే అది మామూలు బ్యూటేన్. ముగ్గురు వరసలో ఉండి, నాలుగోవాడు వచ్చి మధ్యవాడి చెయ్యి పట్టుకున్నాడనుకోండి, ఐసోబ్యూటేన్. మిగిలిపోయిన చేతులన్నీ హైడ్రోజన్లు పట్టుకుంటాయి. తూకం వేస్తే రెండూ ఒకటే. ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారన్నదే తేడా. ఆ తేడాతో గుణం మారిపోతుందండి.”

“అన్నదమ్ములు నలుగురే, కాపురాలు పెట్టిన తీరు వేరు.”

“చూశారా, మీకు ఒక్క ముక్కలో వచ్చేసింది. నాకు రాలేదు.”

“చేతులు దించకు నాయనా, ఉన్ని చిక్కుపడుద్ది,” అంది రజియా మగ్గం మీంచి తల తిప్పకుండానే. సాయిరామ్ గబుక్కున చేతులు పైకెత్తాడు.

అది రెండు వేల ఒకటో సంవత్సరం మాట. తహసీన్ ఏలూరులోనే అమ్మాయిల కాలేజీలో చదువుతోంది. పొద్దున్న కాలేజీ, సాయంత్రం మగ్గం. బోటనీ బాగా వచ్చేది, బొమ్మలేయడం చేతిలో ఉంది గనక. కెమిస్ట్రీలో కూడా బొమ్మలే కదా అనుకుంది. యూనిట్ టెస్టులో ఎనిమిది బొమ్మలు గీస్తే అరమార్కు కూడా పడలేదు. ఎందుకు పడలేదో ఆమెకి అంతుబట్టలేదు. బ్యూటేనుకి రెండని పుస్తకంలో ఉంటే, పుస్తకం వేసినవాళ్ళు చోటు చాలక మానేశారేమోనని ఊరుకుంది. ఒకటి అర్థంకాకపోతే దాని మీద కట్టినవన్నీ జారిపోతాయి. పబ్లిక్ పరీక్షలో కెమిస్ట్రీ పోయింది.

“మా దాదా, అదే మా తాత, తిట్టలేదండి. నాగూర్ అంటే ఈ వీధిలో పెద్ద పనివాడు. ‘పోతే పోయింది, మగ్గం ఉందిగా, ఇక్కడ నిన్నెవరూ ఫెయిల్ చేయరు,’ అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమతోనే నేను పుస్తకాలు పక్కన పెట్టేశాను. తిడితే పౌరుషానికైనా చదివేదాన్నేమో.”

పోతే పోయిందిలే అమ్మా, షాపు ఉందిగా అని తనూ కూతురితో అన్న సంగతి సాయిరామ్‌కి గుర్తొచ్చింది.

“అప్పుడొచ్చారండి కామేశ్వరి మేడమ్.”

ఆ పేరు పలికేటప్పుడు తహసీన్ ఉండ చుట్టడం ఆపింది. కామేశ్వరి ఆ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. ఇల్లు తాడేపల్లిగూడెంలో. భర్త సీతారామాంజనేయులు గారు పౌరోహిత్యం చేస్తారు. రోజూ పాసింజరులో వచ్చి వెళ్ళే మనిషి, మే నెల సెలవుల్లో, మిట్టమధ్యాహ్నం ఎండలో గొడుగేసుకుని ఈ వీధిలోకి వచ్చారు. గుమ్మంలో నిలబడి, “మా ఆయన జపానికి కూర్చునే ఆసనం చిరిగిపోయిందండీ. ఉన్నిది చిన్నది ఒకటి నేసిపెడతారా?” అని అడిగారు.

“నేనన్నాను,” అంది రజియా, ఈ కథలో తన వంతు వచ్చిందని తెలిసి. “అమ్మా, గూడెం నుంచి ఏలూరుకి ఆసనం కోసం ఎవరూ రారు. మీరొచ్చింది పిల్ల కోసం. ఆసనమూ ఇస్తాం, పిల్లనీ చూపిస్తాం, ముందు కూర్చోండి అన్నాను. మంచినీళ్ళు తాగుతారా అని అడగడానికి నాకే మొహమాటం వేసింది. ఆవిడే అడిగి పుచ్చుకుని, చెంబుడూ తాగేసింది మహాతల్లి.”

కామేశ్వరి సంచీలోంచి తహసీన్ రాసిన యూనిట్ టెస్టు కాగితం తీశారు. ఎనిమిది బొమ్మలున్న పేజీ చాప మీద పరిచారు. ఇక తిట్లు మొదలవుతాయని తహసీన్ తల వంచుకుంది.

“ఇది ఎందుకు తప్పో చెప్పడానికి రాలేదమ్మా,” అన్నారు ఆవిడ. “నువ్వు ఇది ఎందుకు రైటనుకున్నావో తెలుసుకుందామని వచ్చాను. మొదటిదానికీ రెండోదానికీ తేడా ఏంటి?”

“రెండోది చివర కిందకి వంగిందండి.”

“మూడోది?”

“పైకి వంగిందండి.”

“వంగితే వేరే పదార్థం అయిపోతుందా?”

“వేరే డిజైన్ కదండీ.”

“వేరే డిజైన్ ఎందుకవుతుందీ?”

అంత తేలిక సంగతి ఈవిడకి తెలియకపోవడమేమిటా అని తహసీన్ తెల్లబోయింది. నోటితో చెప్పలేక, లేచి ఆవిడని మగ్గం దగ్గరికి తీసుకెళ్ళింది. మగ్గానికి పక్కన గళ్ళ కాగితం వేలాడుతోంది. ఒక్కో గడి ఒక్కో ముడి. అంచులో తీగ ఒకటి పాకుతుంది, దానికి పువ్వులు. ఒక పువ్వు కుడికి వాలి ఉంటుంది, దాని జోడీ ఎడమకి. పనివాళ్ళు వాటిని ఒక పువ్వుగా ఎన్నడూ లెక్కపెట్టరు. అవి రెండు పువ్వులు, వాటికి లెక్కలు వేరు, ముడుల వరస వేరు. కుడిపువ్వు ఉండాల్సిన మూల ఎడమపువ్వు పడిందంటే తివాచీ మొత్తం పాడయినట్టే. ఓసారి అలా పడితే నాగూర్ జానెడు పని ఊడదీయించాడు. పుట్టినప్పటి నుంచి చూసిన కళ్ళవి. వంపు మారితే వస్తువు మారిందనే చూస్తాయి.

కామేశ్వరి ఆ తీగని చివరి దాకా వేలితో తడుముతూ వెళ్ళారు. తర్వాత గళ్ళ కాగితం చూశారు. మళ్ళీ తీగ చూశారు.

“నువ్వు తెలియక గీయలేదు తల్లీ,” అన్నారు చివరికి. “నీకు తెలిసిందే గీశావు. నాలుగు నెలలు పాఠం చెప్పాను గాని, నువ్వు ఎక్కడినుంచి చూస్తున్నావో నేను చూసుకోలేదు.”

తహసీన్ మళ్ళీ ఉండ చుట్టసాగింది. “ఆ మాటకి నాకు ఏడుపొచ్చిందండి. అప్పటిదాకా నేను మొద్దునని మాత్రమే అనుకుంటున్నాను. మొద్దుకి ఒక ఇల్లూ, ఒక పనీ, ఒక లెక్కా ఉంటాయని ఎవరూ అనలేదు.”

తర్వాత ఆవిడ ఉన్నిపోగు అడిగి పుచ్చుకుని, దానికి ఐదు ముళ్ళు వేయబోయారు. వేసిన ముడి వేసినట్టే జారిపోయింది.

“ఏవండీ, అంతమంది పిల్లలకి పాఠాలు చెప్పే చేతులు ఇలాగుంటాయా?” అంది రజియా. “ఈ ముడి మా మేక కూడా విప్పేస్తుంది.”

“అందుకే మీ ఇంటికొచ్చానండీ నేర్చుకుందామని,” అన్నారు ఆవిడ.

ఐదు ముళ్ళూ తహసీనే వేసింది. ముడి అంటే కార్బన్, పెంటేనుకి ఐదు. కామేశ్వరి ఆ తాడుని చాప మీద తిన్నగా పరిచారు. “ఇది నీ మొదటి బొమ్మ. ఔనా?” తర్వాత గుప్పిట్లోకి తీసుకుని, గవ్వలు వేసినట్టు విసిరారు. తాడు చివర కిందకి వంగి పడింది. “ఇదేంటి?”

“రెండో బొమ్మండి.”

“కొత్త తాడా?”

“లేదండి, అదే తాడు.”

మళ్ళీ విసిరారు. ఈసారి గుర్రపు నాడాలా పడింది. అది తహసీన్ గీసిన నాలుగో బొమ్మ. ఇంకోసారి విసిరితే పాములా పడింది. అది ఐదోది. విసిరినకొద్దీ ఆ పేజీలో ఒక్కో బొమ్మా కొట్టుకుపోతోంది. ఏ ముడీ విప్పలేదు, ఏ ముడీ కొత్తగా వేయలేదు. తహసీన్ కాసేపు ఆ తాడు కేసీ, కాసేపు మగ్గం మీద పువ్వు కేసీ చూసింది. అక్కడ పువ్వు పడుగుకి బిగించి ఉంది, కదలలేదు. ఇక్కడ తాడుని పట్టుకున్నదేదీ లేదు.

“మేడమ్, దీనికి మగ్గం లేదండి,” అంది.

“అంతే తల్లీ. అణువుకి మగ్గం లేదు. గాలిలో తిరుగుతుంటుంది, వంగుతుంటుంది, పల్టీలు కొడుతుంటుంది. నువ్వు చూసినప్పుడు ఎలా ఉందన్నది లెక్క కాదు. విప్పి వేరేచోట ముడేస్తేనే కొత్తది.”

సాయిరామ్ చేతుల్లో చిలప సన్నబడింది. ఆయన దాన్ని చూడటం ఎప్పుడో మానేశాడు. “మరి ఆ ఎనిమిదిట్లో నిజంగా ఎన్ని ఉన్నట్టమ్మా?”

“విసిరి చూస్తే మొదటి ఐదూ ఒకటే తాడండి. మిగిలిన మూడూ కొమ్మ ఉన్నవి. కొమ్మ పైకి, కొమ్మ కిందకి, కొమ్మ అటు చివరనుంచి రెండోదానికి. తిప్పి చూస్తే ఆ మూడూ ఒకటే. అంటే ఎనిమిది గీసి నేను కనిపెట్టినవి రెండు. ఊహ తక్కువ అనుకున్నానే, ఆ పక్కనమ్మాయి గీసిన రెండూ అవే.”

సాయిరామ్ ఫక్కున నవ్వేశాడు. మగ్గం మీద రజియా భుజాలు కూడా కదిలాయి.

“మూడోది ఉందని చెప్పి, అదేంటో చెప్పకుండా మేడమ్ రైలుకి వెళ్ళిపోయారండి. ఆసనం తీసుకెళ్ళడానికి వచ్చేలోపు చూసి పెట్టమన్నారు. ఫీజు మాట ఎత్తలేదు, పరీక్ష మాట ఎత్తలేదు. ఇక నాకు తిండి సహించలేదు. విప్పడం, కట్టడం, విసరడం. ఎలా వేసినా ఆ రెండిట్లోకే వచ్చి పడేది. మా దాదీ ఆసనం నేస్తూ చూసి చూసి, నీ ముడికి ఎన్ని పోగులు పడతాయే అని అడిగింది. నాలుగు అన్నాను. మరి మూడుతోనే ఎందుకు ఆగిపోతున్నావు అంది.”

“నాకేం తెలుసు బాబూ,” అంది రజియా. “ఉన్నిని దండగ చేస్తోందని అడిగాను.”

మధ్యన ఒక ముడి, దానికి నాలుగు దిక్కులా నాలుగు ముళ్ళు. తహసీన్ కట్టి నేలమీద పెడితే నాలుగు రేకుల పువ్వులా ఉంది. విసిరితే ఎటు పడ్డా అదే పువ్వు. కామేశ్వరి వచ్చినప్పుడు దాన్ని ఆసనం మీద పెట్టి ఇచ్చింది. ఆవిడ దాని పేరు నియోపెంటేన్ అని చెప్పి, గుణం కూడా చెప్పారు. తిన్నగా ఉన్న పెంటేన్ ముప్పై ఆరు డిగ్రీలకి మరుగుతుంది. ఈ పువ్వులా ఉన్నది పది డిగ్రీలైనా రాకముందే ఆవిరైపోతుంది. ఐదు కార్బన్లూ పన్నెండు హైడ్రోజన్లూ, రెండిటా అవే.

“అదెలాగమ్మా?” సాయిరామ్ ముందుకి వంగాడు.

“నేనూ అలాగే అడిగానండి. గూడెం మార్కెట్లో నిమ్మకాయల బస్తా మూతి విప్పితే ఏమవుతుంది అన్నారు. తలో దిక్కుకీ దొర్లిపోతాయి. గుండ్రటివి ఒకదాన్నొకటి తాకేది ఒక్క చుక్క దగ్గరే, అందుకే తేలిగ్గా విడిపోతాయి అన్నారు.”

సాయిరామ్ తల్లిది కైకలూరు అవతల కొల్లేటి అంచు ఊరు. చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే, కిక్కిస రెల్లు కోసి మోపులు కట్టే చోట గడిచాయి. “అయితే పొడుగుగా ఉన్నది కిక్కిస మోపులాంటిదన్నమాట. కట్టు విప్పినా ఊచలు పక్కపక్కనే అంటుకుని పడుంటాయి. చేత్తో లాగితేగాని విడిపోవు.”

తహసీన్ ఆయన కేసి చూసింది. “ఈ మాట నేను రేపు క్లాసులో చెప్పుకుంటానండీ. మీ పేరు చెప్పే చెబుతాను.”

సాయిరామ్ చేతులు మరింత తిన్నగా చాపి కూర్చున్నాడు. పదో తరగతి తర్వాత ఆయన చెప్పిన మాటని ఎవరూ పాఠంలో పెట్టుకుంటామనలేదు.

ఆ ఏడు నాగూరే వెళ్ళి సప్లిమెంటరీకి ఫీజు కట్టి వచ్చాడు. తహసీన్ పరీక్ష రాసింది, నెగ్గింది. ఆ తర్వాత బీఎస్సీ, ఎమ్మెస్సీ, ఇప్పుడు వట్లూరులో ఉద్యోగం. కామేశ్వరి రిటైరై గూడెంలోనే ఉంటున్నారు. సీతారామాంజనేయులు గారు ఆ ఆసనం మీదే కూర్చుంటున్నారట. నెలకోసారి వీలు చూసుకుని తహసీన్ వెళ్ళి వస్తుంది. వెళ్ళినప్పుడల్లా రజియా ఏదో ఒక రంగు ఉన్ని ఇచ్చి పంపుతుంది. ఆవిడకి ముడి వేయడం ఇప్పటికీ రాలేదట.

“ఒకటి చెప్పడం మర్చిపోయానండి,” అంది తహసీన్. “ఆసనం తీసుకుని వెళ్తూ వెళ్తూ మేడమ్ నాతో ఒక మాటన్నారు. కుడిపువ్వూ ఎడమపువ్వూ వేరని చూసే ఆ కన్ను పారేసుకోకు, ఇప్పటికి పక్కన పెట్టుకో, ముందు ముందు పనికొస్తుంది అని. నన్ను ఓదార్చడానికి అన్నారనుకున్నాను. డిగ్రీలోకి వచ్చాక తెలిసింది. ఇలాంటి గొలుసుల్లో ఏడు కార్బన్ల దాకా వెళ్తే కొన్నిటికి నిజంగానే కుడి వేరు, ఎడమ వేరు. ఎంత తిప్పినా ఎంత విసిరినా ఒకదాని మీద ఒకటి కూర్చోవు. క్లాసులో అందరూ తలపట్టుకున్నారు. నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతే. ఆ రోజు ఆవిడ నా బొమ్మలు కొట్టేసి, మూడు సరైనవి గీసిచ్చి వెళ్ళిపోయుంటే పరీక్ష ఎలాగూ నెగ్గేదాన్నే. ఆ కన్ను మాత్రం పోయేదండి.”

చిలప అయిపోయింది. సాయిరామ్ చేతులు దించి మోచేతులు నిమురుకున్నాడు. మనసు అప్పటికే ఇంటికి వెళ్ళిపోయింది. “మేడమ్, నాకు మూర ఉన్ని ఇప్పించండి. ఇవాళే ప్రసన్నని కూర్చోబెట్టి, ముళ్ళు వేసి, విసిరి చూపించేస్తాను. మీరు చెప్పినట్టే చెబుతాను. బుధవారంలోపు దారికొస్తుంది.”

తహసీన్ ఉండని ఒళ్ళో పెట్టుకుందే గాని తుంచి ఇవ్వలేదు.

“వద్దండీ. ఉన్నితో చూపిస్తే నాకు అర్థమైంది, మాది తివాచీ ఇల్లు గనక. మీ అమ్మాయి ఏం చూసి ఏం గీసిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఆ పిల్లకి చిక్కు ఐసోమర్ల దగ్గరే పడిందో, ఇంకెక్కడ పడిందో. తెలీకుండా మందు వేస్తామా?”

“మరేం చేయమంటారమ్మా?”

“ఫీజు మాట ఎత్తకండి. నేను ట్యూషన్ చెబుతానని కూడా చెప్పకండి. ఆ అటక మీద సంచి దింపకండి. రాత్రి అన్నాలయ్యాక, నాకు కొంచెం కెమిస్ట్రీ చెప్పమ్మా అని అడగండి. జిరాక్సు తీసేవాడిని, తెలుసుకోవాలనుంది అనండి. అబద్ధం కాదుగా. ఆ పిల్ల ఏదో ఒకటి గీస్తుంది. తప్పని మీకు తెలిసినా దిద్దొద్దు. ఇలా ఎందుకు గీశావమ్మా అని ఒక్కటే అడిగి, ఇంతసేపు నా మాట విన్నారు చూడండి, అలా వినండి. రేపు పొద్దున కాలేజీకి వెళ్తూ షాపు దగ్గర ఆగుతాను. ఆ పిల్ల ఏమందో, అన్నది అన్నట్టుగా నాకు చెప్పండి. మీ మాట ఒక్కటీ కలపకండి సాయిరామ్ గారూ.”